గోడకీ బస్తాలకీ మధ్య

కాశీబుగ్గ,
మాఘమాసం, ఆదివారం, 2007

చిరంజీవి ఢిల్లీబాబుకు మేనత్త ధనమ్మ దీవెనలు.

నాయనా, మీ నాన్న అక్కుపల్లి నుంచి వచ్చి నీ ఫోను నంబరు రాసిచ్చి మాట్లాడమన్నాడు. బడ్డీకొట్టు ఫోనులో ఏం మాట్లాడను? వెనక నలుగురు నిలబడి వింటూ ఉంటారు. నాకు ఏడుపొస్తే మాట రాదు, రూపాయి మాత్రం అయిపోతుంది. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నాలుగో తరగతి చదువు నాది. కోడి కెలికినట్టున్నా చదువుకో.

మీ బావ ఎల్లాజీ శ్రావణంలో పోయాడు, ఇప్పుడు మాఘం. ఇప్పటికీ ఎసట్లో బియ్యం పొయ్యబోతే చెయ్యి వాడి వాటా కూడా తీస్తోంది. గుర్తొచ్చి మళ్లీ డబ్బాలో పోసేస్తున్నాను. కోడలు హేమలత చూసి కూడా చూడనట్టు పొయ్యి ఊదుకుంటుంది.

నిన్నొకటి అడగాలి. పలాసలో షావుకారి పడమటి గోదాము గోడ పడి మీ బావ పోయాడని అందరికీ తెలుసు. ఎందుకు పడిందంటే మాత్రం రోజుకో మాట. మొదట వానకు పడిందన్నారు. ఇప్పుడు షావుకారి దగ్గర కూలీలను చూసే సోములు మేస్త్రీ ఇంకో మాట పుట్టించాడు. ఎల్లాజీ తాగి ఉన్నాడట, ఒకదాని మీద ఒకటి పేర్చిన జీడిపిక్కల బస్తాల నెట్టు ఎక్కి అడ్డదిడ్డంగా లాగాడట, ఆ నెట్టు కూలి గోడను తోసేసిందట. "ఆడి సావు ఆడే తెచ్చుకున్నాడు, షావుకారికి గోదాము నట్టం" అని టీకొట్టు దగ్గర అన్నాడట. ఎల్లాజీతోపాటు బస్తాలు మోసిన కళాసీలు కూడా తలూపారట. హేమలత కుళాయికి వెళ్తే ఆడవాళ్లు మాట ఆపేస్తున్నారు.

వాడసలు తాగడని నేననను. పండగకీ పబ్బానికీ తాగేవాడు. పనిలో తాగి ఎరగడు. కానీ ఆ వేళ నేను అక్కడ లేను కనక ఒట్టు వెయ్యలేను. నువ్వు కట్టడాల చదువు చదువుతున్నావు కదా. ఒక మనిషి బస్తా లాగితే ఇటుక గోడ పడుతుందా? అవునంటే అవునని రాయి. కాదంటే కాదని రాయి. కొడుకు ఎలాగూ రాడు. తప్పు చేసి పోయాడో, చెయ్యకుండా పోయాడో తెలిస్తే చాలు నాకు.

నీ అత్త
ధనమ్మ


విశాఖపట్నం,
మార్చి 11

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. బావ పెద్దకర్మకు రాలేకపోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. పరీక్షలు అడ్డొచ్చాయి.

నా చదువు గురించి అడిగావు కనక కొంచెం చెబుతాను. మా మాస్టారూ నేనూ చేస్తున్న పనిని న్యూరల్ నెట్‌వర్క్ అంటారు. మనిషి మెదడులో నరాలు అల్లుకున్నట్టు కంప్యూటర్లో లెక్కల్ని ఒక వలలా అల్లుతాం. దానికి సూత్రాలేమీ నేర్పం. నిలబడ్డ కట్టడాలూ కూలిన కట్టడాలూ చూపిస్తూ పోతాం. గోడ ఎత్తెంత, మందమెంత, సిమెంటెంత, వానెంత, గాలెంత, గోడ మీద బరువెంత. పిల్లలు చూసి చూసి మనుషుల్ని పోల్చుకున్నట్టు అది కూడా పోలిక పట్టుకుంటుంది. తర్వాత కొత్త గోడ వివరాలిస్తే నిలుస్తుందో పడుతుందో చెబుతుంది. మన జిల్లాలో గోదాములు, బడులు, సినిమా హాళ్లు అన్నీ పోగుచేస్తున్నాం.

ఒక మనిషి వల్ల గోడ పడుతుందా అన్నది చాలా సంగతుల మీద ఆధారపడి ఉంటుంది. ఇప్పుడే ఏమీ చెప్పలేను. నువ్వు మనసు కష్టపెట్టుకోకు. ఎండలు ముదురుతున్నాయి, మధ్యాహ్నం పూట బయట తిరగకు. హేమలతను అడిగానని చెప్పు.

ఢిల్లీబాబు


కాశీబుగ్గ,
ఉగాది వెళ్లిన వారం

ఢిల్లీబాబూ,

చిన్నప్పుడు నువ్వు మా అమ్మ మజ్జిగ ముంత పగలగొట్టి, ఆవిడ ఎదురుగా వచ్చి "మామ్మా, ఆవు బాగా పాలిత్తందా?" అని అడిగావు. నీ ఉత్తరం అలాగే ఉంది. నేను గోడ అడిగితే నువ్వు ఎండ సంగతి రాశావు.

మొన్న షావుకారితో మాట్లాడదామని గోదాముకు వెళ్లాను. సోములు గుమ్మంలోనే ఆపేశాడు.

"ఏటే ధనమ్మా, మళ్లీ వచ్చినావు?"

"షావుకారు బాబుతో ఓ మాట సెప్పాల."

"సెప్పడానికేటుంది? విశాపట్నం కాలేజీవోలు కంప్యూటర్‌లో ఎక్కించి సూసినారు. గోడలో లోపం నేదని రాసిచ్చీసినారు. గోడది కాకపోతే తప్పెవులిది? మడిసిదే గదా."

"ఏ కాలేజీ నాయనా?"

"నీ మేనల్లుడు సదివే కాలేజీయే. నన్నడుగుతావేటి, ఆడినే అడుగు" అని నవ్వాడు.

ఎండలో రైలు గేటు దాకా ఎలా నడిచానో తెలియదు. గేటు వేసి ఉంది, తీశారు, మళ్లీ వేశారు. నేను అక్కడే కూర్చున్నాను.

వల అని రాశావు. నేనూ అక్కుపల్లిలో పుట్టినదాన్నే. వల కన్ను ఎంత ఉంటే అంత చేపే పడుతుంది. చిన్న చేప జారిపోతే సముద్రంలో చిన్న చేపే లేదని ఏ పిచ్చివాడూ అనడు. నీ వలలోంచి ఏం జారిపోయిందో నాకు తెలియదు. నా కొడుకు మాత్రం జారిపోయాడు.

ఆ మాట రాసిచ్చింది నువ్వేనా? అది చెప్పు చాలు.

ధనమ్మ


విశాఖపట్నం,
ఏప్రిల్ 15

అత్తా,

నేనే.

గోడ పడిన వారంలోనే షావుకారు బీమా వాళ్లకు చూపించడానికి మా మాస్టారిని అడిగాడు. ఆ గోడ కట్టిన కంట్రాక్టరు కొలతలు పంపాడు. కంప్యూటర్లో ఎక్కించింది నేను. ఏ గోదామో తెలిసే ఎక్కించాను. గోడ పడుతుందనే జవాబు రావాలని ఎంతగా కోరుకున్నానో నీకు చెప్పినా నమ్మవు. నిలుస్తుందనే వచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ అదే. పెద్దకర్మకు రాకపోవడానికి పరీక్షలు కారణం కాదు. అప్పటికే ఆ జవాబు నా దగ్గర ఉంది. దాన్ని పెట్టుకుని నీ ఎదుట కూర్చుని భోజనం చెయ్యలేకపోయాను.

కానీ అత్తా, చుట్టమని లెక్క మార్చలేను కదా. మేం తప్పు కొలతలేవీ ఇవ్వలేదు. ఎత్తు సరిగ్గా ఉంది, మందం సరిగ్గా ఉంది, ఆ రోజు వాన కూడా వేశాం. విదేశాల పిక్కలు దాచే గోదాముల్లో బస్తాలు గోడకు ఎడంగా పేర్చాలని కస్టమ్స్ రూలు ఉంది. అందుచేత నెట్టు బరువు గోడ మీద పడదని పెట్టాం. ఇవన్నీ పోగా మిగిలింది మనిషి పొరపాటు ఒక్కటే. మాస్టారు అదే రాశారు. బావ పేరు మేమెక్కడా రాయలేదు.

నన్ను తిట్టు. నాకు తిట్లు తినాలనే ఉంది.

ఢిల్లీబాబు


కాశీబుగ్గ,
వైశాఖం

ఢిల్లీబాబూ,

తిట్టను. తిడితే నీకు భారం దిగిపోతుంది. నాకు దిగదు.

లెక్క మార్చమని నేనెప్పుడు అడిగాను? ఒక్కసారి పలాస వచ్చి ఆ చోటు చూశావా? మీ బావతో అక్కుపల్లి తోటలో ఎన్ని జీడిపళ్లు రాల్చుకు తిన్నావు. వాడు అన్నం ఎక్కడ కూర్చుని తినేవాడో నీకు తెలుసా?

గోడకీ బస్తాలకీ మధ్య ఒక సందు ఉండేది. ఒక మనిషి చేతులు ఊపుకుంటూ నడిచేంత. కస్టమ్స్ ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ సందులో చుట్టూ తిరిగి బస్తాలు చూసుకుని, తాళం వేసి సీలు కొట్టి వెళ్లేవాడట. ఆయనేమీ ధర్మరాజు కాదు. వచ్చేటప్పుడు ఉత్త చేతులు, వెళ్లేటప్పుడు చంకలో జీడిపప్పు డబ్బా. కానీ ఆయన పుణ్యాన ఆ సందు ఉండేది. మధ్యాహ్నం చల్లగా ఉంటుందని ఎల్లాజీ అందులో కూర్చుని కేరేజీ విప్పేవాడు. ఎక్కువగా తూర్పు గోదాములో. "అమ్మా, గాలి కంత కింద కూకుంటే అచ్చం అక్కుపల్లి గాలే" అనేవాడు.

తర్వాత ఇన్‌స్పెక్టరు రావడం మానేశాడు. చట్టం మారిందన్నారు, ఎన్ని బస్తాలున్నాయో షావుకారే కంప్యూటర్లో రాసుకుంటే చాలన్నారు. ఇంకేముంది, రెండు గోదాముల్లోనూ ఆ సందులో కూడా బస్తాలు కుక్కించేశాడు, గోడకు ఆనించి పైదాకా. "నా కూడు సోటు పోయిందే" అని నవ్వాడు మీ బావ. అప్పట్నుంచి బయట కూర్చునేవాడు. వానొస్తే పడమటి గోదాము చూరు కింద గోడకు చేరబడి తినేవాడు.

ఆ వేళా అక్కడే. కేరేజీ నాకు తెచ్చిచ్చారు, అప్పడంలా నలిగిపోయింది. అన్నం గిన్నె విప్పి ఉంది. పులుసు గిన్నె మూత తియ్యలేదు. నెత్తళ్ల చేపల పులుసు. వాడికి ప్రాణం. పొద్దున్నే లేచి చేశాను. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, హేమలతకు కూడా. నా కొడుకు ఉత్త అన్నం ముందు పెట్టుకుని పోయాడు.

ఇవి నీ మిషనుకు అక్కర్లేని సంగతులు. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

ధనమ్మ


విశాఖపట్నం,
మే 20

అత్తా,

రాయవద్దన్నా రాస్తున్నాను. చించెయ్యకుండా చదువు.

నీ ఉత్తరం అందిన మర్నాడే బస్సెక్కి పలాస వచ్చాను. నీ ఇంటి వీధి మొదట్లో దాకా వచ్చి కూడా లోపలికి రాలేకపోయాను. పడమటి గోదాము ఇటుకలు ఇంకా అక్కడే ఉన్నాయి. గోడంతా బయటివైపుకే పడింది. కళాసీ దాలయ్య కనిపించాడు. సందు నింపేసిన మాట నిజమేనా అని అడిగితే అటూ ఇటూ చూసి, "నిజిమే బాబూ. మేమే నింపినాం. మా సేతుల్తోనే" అన్నాడు.

నెట్టు మీద ఉన్న మనిషి గోదాము లోపల ఉండాలి. బావ బయట ఉన్నాడు, కేరేజీ విప్పుకుని. బస్తాలు లోపల్నుంచి గోడను నెడుతూ వచ్చాయి. వానకు గోడ నాని మెత్తబడింది. ఎవరూ ఏమీ లాగలేదు.

ఇదివరకు ఓడ దిగిన సరుకంతా విప్పి చూసేవారు. రోజుల తరబడి ఆగి పిక్కలు బూజు పట్టేవి. ఆ ఇబ్బంది పోయి వర్తకం త్వరగా సాగాలని పద్ధతి మార్చారు. వర్తకుడు చెప్పిందే నమ్ముతారు, అనుమానం వస్తేనే విప్పుతారు. మంచి మార్పే, నేనూ అదే అంటాను. కానీ ఇన్‌స్పెక్టరు నడవడానికి పెట్టిన సందు గోడను కూడా కాపాడుతోందని చట్టం రాసినవాళ్లకు తట్టలేదు. నాకూ తట్టలేదు. పుస్తకంలో రూలు ఉంది కనక గోదాములో సందు ఉందనుకున్నాను. పాత రూలు అని కూడా చూసుకోలేదు.

నిన్న సందు తీసేసి, బస్తాల బరువు గోడ మీద వేసి మళ్లీ ఎక్కించాను. పడుతుంది అని వచ్చింది.

అవునంటే అవునని, కాదంటే కాదని రాయమన్నావు. కాదు. తప్పు బావది కాదు.

ఢిల్లీబాబు


కాశీబుగ్గ,
అధిక జ్యేష్ఠం

నాయనా ఢిల్లీబాబూ,

కాదు అన్న మాట దగ్గర వేలు పెట్టి హేమలతకు చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. అప్పుడు ఏడ్చింది. వాడు పోయిన రోజున కూడా అలా ఏడవలేదు.

వీధి దాకా వచ్చి వెళ్లిపోయావా? ఇంకోసారి అలా చేస్తే మీ నాన్నకు చెప్పి చెవి మెలిపెట్టిస్తాను.

నేనూ నీకొకటి దాచాను. చెబితే మీ నాన్నకు చేరుతుంది, "సిగ్గు నేదా మీకు, ఆడి గోదాముకే పంపినావా" అంటాడని దాచాను. ఉగాది నుంచి హేమలత తూర్పు గోదాములో పప్పు ఒలుపు పనికి వెళ్తోంది. ఇంకెక్కడా పని దొరకలేదు. గోడ బయట రేకుల పందిరి వేసి ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టారు, ఎండకీ వానకీ అదే నీడ. ఇన్నాళ్లూ మీ బావ తప్పేనేమో అన్న భయం ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఆ భయం పోయి ఇంకోటి పట్టుకుంది. ఆ గోడా ఆ కంట్రాక్టరు కట్టిందే. లోపల ఆఫ్రికా పిక్కలు దిగాయి, గోడకు ఆనించి చూరు దాకా. ఆడవాళ్ల వీపులు ఆ గోడకే ఆనుతాయి.

నీ మిషనును ఆ గోడ సంగతి అడుగు. వానలు మొదలవకముందే అడుగు.

ధనమ్మ


విశాఖపట్నం,
జులై 8

అత్తా,

అడిగాను. పడుతుందనే అంటోంది. ఎప్పుడన్నది చెప్పలేదు. ఒక పెద్ద వానకు చాలు.

మాస్టారు తన రిపోర్టు తప్పని ఒప్పుకుని షావుకారికి మళ్లీ రాశారు. అంత పెద్దాయన ఒప్పుకుంటాడని నేననుకోలేదు. షావుకారు ఫోను చేసి నవ్వాడట. "మొన్న నిలబడతాదన్నారు, ఈ వేళ పడిపోతాదంటన్నారు. రేపేటంటారు మాస్టారూ?" అన్నాడట. ఫ్యాక్టరీల ఆఫీసుకు రాశాను, పరిశీలిస్తామన్నారు. కస్టమ్స్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి పెద్దమనిషి మంచివాడే, కాఫీ ఇప్పించాడు. గోడలు తమ పరిధి కాదన్నాడు.

హేమలతను పని మాన్పించెయ్. నా స్కాలర్‌షిప్పులో కొంత పంపుతాను. చెట్టంత మనిషిని పోగొట్టుకున్నాం. చాలు.

ఢిల్లీబాబు


కాశీబుగ్గ,
శ్రావణం

చిరంజీవి ఢిల్లీబాబుకు అత్త దీవెనలు.

నీ డబ్బు నీ దగ్గరే ఉంచుకో, కళ్లద్దాలు మార్చుకో. హేమలతకు నీ మాట చెప్పాను. "నానొక్కదాన్నీ మానేత్తే మిగిలినోలు ఆ గోడ కిందే గదా అత్తా" అంది. అందరూ మానేస్తారా అంటే, మానేస్తే తినేదేమిటి? పొద్దున్న అది చీర సర్దుకుని బయల్దేరుతుంటే మబ్బుకేసి చూడటం నా పని అయిపోయింది.

ఇంతలో మీ బావ పోయి ఏడాది నిండి ఏడూరు వచ్చింది. ఇంటి దగ్గర చెయ్యాల్సినవి చేశాం. తర్వాత షావుకారి ఇంటికి వెళ్లాను. ఈసారి సోములు లేడు.

"బాబూ, మా గుంటడికి ఏడూరు ముద్ద పెట్టుకోవాల."

"పెట్టుకో అమ్మా. నన్నడగడం దేనికి?"

"ఆడు కూడు తినే సోట పెట్టాల. మీ తూర్పు గోదాములో, గోడవార సందులో. పెట్టకపోతే ఆడు అక్కడక్కడే తిరుగుతాడు బాబూ. రేత్రీ పగలూ మీ సరుకులోనే."

షావుకారు దేవుడి గూటికేసి చూశాడు. ఆయన చట్టానికి భయపడని మనిషి, నీ మిషనుకు నవ్విన మనిషి. చేత్తో సైగ చేశాడు, కానిమ్మని.

దాలయ్యా మిగతా కళాసీలూ వచ్చారు. టీకొట్టు దగ్గర తలూపినవాళ్లే. నా ముఖం చూడకుండా బస్తాలు దింపడం మొదలుపెట్టారు. సోములు పరుగెత్తుకొచ్చాడు.

"ఒక బస్తా తీత్తే సాలదేటి? గోడంతా తీసేత్తన్నారేటి?"

"ఎక్కడ కూకునీవోడో సరిగ్గా తెల్దు నాయనా. ముసిల్దాన్ని, గేపకం లేదు. ఈ మూల నుండి ఆ మూల దాకా పెట్టుకుపోతాను."

ఆడవాళ్లున్న వైపు గోడ పొడుగునా విస్తర్లు వేసి ముద్ద పెట్టుకుంటూ వెళ్లాను. హేమలత అన్నం గిన్నె పట్టుకుని నా వెనకే వచ్చింది. పందిట్లో ఆడవాళ్లు పని ఆపి గుమ్మంలో నిలబడ్డారు.

"ఒక్కడికి ఇన్ని ముద్దలేటే ధనమ్మా?" అన్నాడు సోములు.

"బస్తాలు మోసినోడు. ఆకలెక్కువ" అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

రెండు రోజులు పోయాక సోములు బస్తాలు మళ్లీ గోడకు చేర్చమన్నాడట. దాలయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "సచ్చిపోయినోడి ఇస్తరి మీద బస్తా ఎయ్యమంటావేటి? నువ్వే ఎత్తి పెట్టు మేస్త్రీ. మాకు పిల్లలున్నారు" అన్నాడట. సోములుకూ పిల్లలున్నారు. ఆ సందు అలాగే ఉంది. సర్కారు రూలు పోయింది, మన రూలు పెట్టాను.

మొన్న మూడు రోజులు ముసురు పట్టింది. హేమలత వచ్చేదాకా వీధి అరుగు మీదే కూర్చున్నాను. మూడు రోజులూ వచ్చింది. గోడ నిలబడింది. రేపటి వానకు ఏమవుతుందో నాకు తెలియదు, నీ మిషనును అడిగి రాయి. మిగిలిన వైపుల ఇంకా బస్తాలే. భాద్రపదంలో పెద్దల అమావాస్య వస్తుంది. అప్పటికి నా మతిమరుపు ఇంకా ముదురుతుంది.

నీకు మాత్రం నిజం చెబుతాను. వాడు ఎక్కడ కూర్చునేవాడో నేను మరిచిపోలేదు. బస్తాలు తీయగానే కనిపించింది. గాలి కంత కింద ఇటుకల మీద, వాడు తల ఆనించి ఆనించి, కొబ్బరినూనె మరక. చెయ్యి పెట్టి చూశాను. ముద్దలన్నీ పెట్టేశాక ఆఖరున అక్కడ కూర్చున్నాను. గాలి వచ్చింది. వాడు చెప్పింది నిజమే, అచ్చం అక్కుపల్లి గాలే.

అక్కడ విస్తరి వెయ్యలేదు. కొత్త కేరేజీ తీసుకెళ్లాను. అన్నం గిన్నె విప్పి పెట్టాను. నెత్తళ్ల పులుసు గిన్నె మూత కూడా నా చేత్తోనే తీసి పక్కన పెట్టాను.

నీ అత్త
ధనమ్మ